నర్సంపేట నుంచి వచ్చిన కరెంటు వైరు

మా ఇంట్లో ఒక కరెంటు వైరుకు వారం రోజుల పాటు కొత్తల్లుడి మర్యాదలు జరిగాయి. దాన్ని ఎవరూ తొక్కకూడదు, దాటకూడదు, దాని దరిదాపుల్లో చీపురు ఆడకూడదు. నేల మీద పడుకుంటే నేలలోని అదురు దానికి అంటుకుంటుందట, అందుకని మా ఆయన దాని కింద నాలుగు చెక్క దిమ్మలు పెట్టాడు. ఈ దిమ్మలు ఎక్కడివబ్బా అని వంగి చూస్తే అవి నా చపాతీ పీట కాళ్లు. కాళ్లు లేని పీట వంటింట్లో బోర్లా పడి ఉంది.

కోపం రాదా మరి? ముప్పై ఏళ్లు సర్కారు బడిలో తెలుగు చెప్పి రిటైరైన దాన్ని. కోపం అనేది నాకు బడి నుంచి పింఛనుతో పాటు వచ్చింది. కానీ ఆ వారం నా కోపానికి విలువ లేదు. ఇంట్లో విలువంతా ఆ వైరుదే.

ముందు మా ఆయన సంగతి చెప్పాలి. ఆయన ఇరవై ఎనిమిదేళ్లు మరమగ్గాల షెడ్డులో పనిచేశాడు. పెళ్లయిన కొత్తలో సద్ది పట్టుకుని షెడ్డుకు వెళితే, ఆ ధనధనలకు నా పళ్లు కూడా అదిరేవి. అందులో ఎనిమిది గంటలు నిలబడి ఇంటికొచ్చి, అన్నం ముందు కూర్చుని ఆయన ఎప్పుడూ ఒకటే మాట అనేవాడు. "షెడ్డు ఇడిశిపెట్టినంక మంచిగ కూసోని పాటలు ఇంటనే." కొందరు ఇల్లు కట్టాలనుకుంటారు, కొందరు కాశీ పోవాలనుకుంటారు. మా ఆయన కూర్చుని పాటలు వినాలనుకున్నాడు.

అన్నట్టే షెడ్డు పని మానేసి, మట్టెవాడలో తువ్వాళ్లు, జంపఖానాలు అమ్మే చిన్న దుకాణం పెట్టుకున్నాక, ముందుగదిలో ఒక ఆంప్లిఫయరు, నా నడుము దాకా వచ్చే రెండు స్పీకర్లు దిగాయి. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, వాటికి ఎదురుగా గది నడుమ ఒక్కటే కుర్చీ. ఆ కుర్చీని అంగుళం జరిపినా పాట చెడిపోతుందని దాని నాలుగు కాళ్ల చుట్టూ సుద్దముక్కతో గీతలు గీశాడు. సుద్దముక్క నాదే. దుకాణం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, సాయంత్రం ఆ గీతల మధ్య కూర్చుని పాత పాటలు పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. ఆ ముఖం చూస్తే నాకే ముచ్చటేసేది.

అంత ముచ్చటేసిన దాన్ని ఆ గదిలోకి వెళ్లడం ఎందుకు మానేశానో కూడా ఇక్కడే చెప్పేస్తాను. నేను రిటైరైన రోజున బడిలో శాలువా కప్పి, దండ వేసి సాగనంపారు. మా ఆయన స్కూటరు మీద తీసుకొస్తున్నాడు. నేను వెనక ఒక పక్కకు కూర్చుని, దండ వాడిపోకుండా ఒళ్లో పెట్టుకున్నాను. సిగ్నల్ దగ్గర బండి ఆగింది. మనసు బరువుగా ఉంది. ఆయన భుజం మీదికి వంగి, చెవి దగ్గర అడిగాను. "రేపటి సంది నాకు బడి లేదు. రోజూ సాయంత్రం నీ పక్కన నాకు గూడ ఒక కుర్చీ ఎయ్యి. నీతోటి పాటలు ఇంట." జీవితంలో ఆయన్ని నేను అంత మెత్తగా ఏదీ అడగలేదు. ఆయన తల కూడా తిప్పలేదు. పచ్చలైటు పడింది, బండి కదిలింది, దారిలో ఆగి అర కిలో బెండకాయలు కొన్నాడు.

ఆ బెండకాయలు నేను వారం రోజులు వండలేదు. ఆ తరువాత కూడా, ముందుగదిలో పాట మొదలైతే నేను వంటింట్లోకి వెళ్లి కుక్కర్ పెట్టేదాన్ని. ఇద్దరం తప్ప ఎవరూ లేని ఇంట్లో రెండు గదుల్లో రెండు సాయంత్రాలు గడిచేవి. ఆయన ఎందుకని అడగలేదు, నేనూ చెప్పలేదు. రెండేళ్లు అలాగే నడిచింది.

ఆ రెండో ఏడాదిలో ఆయనకు పాట చెడిపోయింది.

"పాట నిండుగ వస్తలేదు. ఎడమ దిక్కు పల్చవడ్డది" అని మొదలుపెట్టాడు. ముందు స్పీకర్లు అటుదిటు, ఇటుదటు మార్చాడు. అయినా ఎడమవైపే పల్చగా ఉంది. కుర్చీ జరిపాడు, సుద్దగీతలు మళ్లీ గీశాడు. కిటికీకి జంపఖానా కట్టాడు. ఏం చేసినా ఎడమ దిక్కు పాట రావడం లేదు. చివరికి దొంగ దొరికాడు. మా వెనక గల్లీలో నాలుగు మరమగ్గాలు ఉన్నాయి. పొద్దున అవి మొదలవగానే మా ఇంట్లో బల్బు ఒకసారి కన్ను కొడుతుంది, ఫ్యాను నెమ్మదిస్తుంది. "కరెంటు ఖరాబైతాంది. ఆ మోటర్ల మురికంతా మన లైనుల కలుస్తాంది" అని తేల్చేశాడు.

నవ్వకండి. షెడ్డులో బతికిన మనిషికి అలాగే తోస్తుంది. ఓల్టేజి పడిపోతే మగ్గంలో పోగును అటూ ఇటూ మోసే నాడె అవతలి ఒడ్డుకు సరిగ్గా చేరదు, బట్ట పల్చన పడుతుంది. ఇరవై ఎనిమిదేళ్లు ఏది పల్చబడినా ఆయన కరెంటునే తిట్టాడు, చాలాసార్లు అదే నిజమైంది. బట్ట పల్చబడ్డా కరెంటే, పాట పల్చబడ్డా కరెంటే. తప్పు తనలో ఉండవచ్చని ఏ మగ్గం మనిషీ అనుకోడు, మగ్గం ఆగితే ముందు మోటారు మీద చేయి వేసి చూస్తాడు.

షెడ్డుల్లో మోటార్లు బాగుచేసే కరెంటు పనివాడిని పిలిపించాడు. అతను మీటరు డబ్బా తెరిచి, బోర్డులు విప్పి, టెస్టరు పెట్టి అన్నీ చూశాడు.

"అన్నా, కరెంటు మంచిగనే ఉన్నది. ఎర్తింగ్ గూడ మంచిగుంది. ఫికర్ చెయ్యకు" అన్నాడు.

"మరి పాట ఎందుకు సక్కగ వస్తలేదు?"

"పాట సంగతి నాకేం తెల్సు అన్నా. కరెంటు సంగతి చెప్తాన."

"ఏదన్న మంచి వైరు ఏస్తె?"

అతను నా వైపు చూశాడు, నేను గోడ వైపు చూశాను. "అన్నా, ట్రాన్స్‌ఫార్మర్ కాడి నుంచి స్తంభాల మీదికెల్లి, వానకు తడుసుకుంట, కాకులు కూసున్న తీగల వచ్చే కరెంటే కదా ఇది. గోడల కూడ మామూలు వైరే. ఆఖరికి గీ రెండు గజాలు బంగారపుది ఏసినా, ఏమొస్తది?" అని, చాయ్ తాగి వెళ్లిపోయాడు.

నాకు ఆ మాట ఎంతో నచ్చింది. మా ఆయనకు నచ్చలేదు. తనకు నచ్చే మాట చెప్పే మనిషికి ఫోను చేశాడు.

ఆ మనిషి నర్సంపేటలో పత్తి విత్తనాల దుకాణం నడుపుతాడు. మా ఆయనకు పాటల పిచ్చిలో జతగాడు. నన్ను చెల్లె అంటాడు కాబట్టి మా ఆయన ఆయనకు బావ. వాళ్లిద్దరూ రోజూ ఫోన్లో స్పీకర్ల వీడియోలు పంపుకుంటారు. పత్తి విత్తనం మొలుస్తుందో లేదో చేతిలో పట్టి చెప్పగల మనిషే, స్పీకరు దగ్గరికి వస్తే ఎవరేం చెప్పినా నమ్ముతాడు. ఆదివారం బస్సు దిగి వచ్చాడు, చంకలో తువ్వాలలో చుట్టిన మూట.

"బావా, తెచ్చిన. ఎన్మిది రోజులు పెట్టుకోని ఇను. మంచిగనిపిస్తె ఉంచుకో, లేకుంటె వాపసియ్యి" అని మూట విప్పాడు. నల్లగా, నా మణికట్టంత లావు వైరు, రెండు చివర్లా బంగారంలా మెరిసే బిళ్లలు.

"ఎంత?" అన్నాను.

ఇద్దరూ ఒకేసారి సీలింగు ఫ్యాను వైపు చూశారు. అందుకని ఆ వైరు ధర నాకు ఈ రోజుకీ తెలియదు.

గోడ బోర్డు నుంచి ఆంప్లిఫయరుకు దాన్ని పెట్టారు, విన్నారు. నర్సంపేట అన్న కళ్లు మూసుకుని "అబ్బ, తబలా సూడు బావా, బొక్కలిరిగినట్టు గొడ్తాండు" అన్నాడు. మా ఆయన "ఆ, జర నయం, జర నయం" అన్నాడు. వంటింటి గుమ్మంలో నిలబడి నేనూ విన్నాను. నిన్నటి పాటే, నిన్నటిలాగే ఉంది. ఆ మాటే అన్నాను.

"చెల్లె, ఏమనుకోకు. ముప్పై ఏండ్లు బడి పోరగాండ్ల లొల్లిల ఉన్నవ్. నీ చెవులకు గింత సన్న తేడా తెల్వది" అన్నాడు అన్న, ఎంతో ప్రేమగా.

నా చెవులనే! వెనక బెంచీలో కాపీ కొట్టేవాడి కాగితం చప్పుడు పట్టిన చెవులివి. కానీ పోట్లాటకు దిగేలోపు మా ఆయన ఒక మాట అన్నాడు. "ఇదే ఆఖరుది బావా. దీనితోటి గూడ పాట మొత్తం రాకపోతె సెట్టు అమ్మేస్త. సగం పాట ఇనుడు నాతోని అయితలేదు." ముఖం చూస్తే ఉత్తమాటలా లేదు. ఇరవై ఎనిమిదేళ్లు దాచుకున్న ఒకే ఒక్క సరదాను ఆయన మూట కట్టేయబోతున్నాడు.

మొదటి మూడు రోజులు "నయం" అన్నాడు. నాలుగో రోజు "ఏమో" అన్నాడు. అయిదో రోజు పాట మధ్యలోనే ఆపేసి దుకాణం లెక్కలు ముందేసుకున్నాడు. నాకు తెలుసు, ఆయన మనసు చెడిపోయింది. తెలిసీ నేను చేసిన పని, నిజం చెబుతున్నాను, పూర్తిగా మంచి మనసుతో చేసింది కాదు. వైరు ఉత్తదని రుజువు చేయాలి, సెట్టు నిలబెట్టాలి అన్నది సగం. స్కూటరు మీద నా మాట చెవిన వేసుకోని ఈ పెద్దమనిషి సన్న సన్న తేడాలు ఎలా వింటాడో చూడాలి అన్నది మిగతా సగం.

"పరీక్ష పెడ్త" అన్నాను.

పరీక్షలు పెట్టడంలో నాకు ఎదురులేదు. శనివారం పొద్దున, వెనక గల్లీలో మగ్గాలు నడుస్తున్నప్పుడే అని మా ఆయన పట్టుబట్టాడు, మురికి కరెంటులోనే వైరు బలం తెలుస్తుందట. సరే అన్నాను. వైరు సంగతి తేల్చుకోవడానికి నర్సంపేట అన్న కూడా వచ్చాడు. ఆంప్లిఫయరు ముందు దుకాణం నుంచి తెచ్చిన జంపఖానా తెరలాగా కట్టాను. మా ఆయన సుద్దగీతల మధ్య కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చోవాలి. నేను తెర వెనక ఉండి, ఒకసారి లావు వైరు, ఒకసారి మామూలు వైరు, నా ఇష్టమొచ్చిన వరసలో మారుస్తాను. ఏ వైరో ఆయన చెప్పాలి. అన్న నోరెత్తకూడదు. పది ప్రశ్నలు, పది మార్కులు. కాగితం మీద ఎర్ర పెన్నుతో గీతలు కొట్టుకుని సిద్ధమయ్యాను.

మొదటి ప్రశ్నకే కరెంటు పోయింది. "ఇది ఏ వైరో చెప్పు" అన్నాను తెర వెనక నుంచి. అన్న నవ్వాడు, మా ఆయన నవ్వలేదు. పది నిమిషాలకు కరెంటు వచ్చింది.

మొదటి అయిదింటిలో మా ఆయనకు రెండు మార్కులు వచ్చాయి. అయిదోదానికి "ఆహా, ఇది లావుదే, ఇగ శెక్ లేదు" అని కుర్చీ చేతిని చరిచాడు. అది మా ఇంట్లో అన్నం వండే కరెంటు కుక్కర్ వైరు. రెండింటికీ ఒకే మూతి ఉంటుందని ముందే చూసి పెట్టుకున్నాను. నోట్లో కొంగు కుక్కుకుని నవ్వాను. జీవితంలో ఇంత సంతోషంగా నేనెవరికీ సున్నా వేయలేదు.

ఆరో ప్రశ్నకు లావు వైరును పెట్టబోయాను. అది వంగదు, తిరగదు, మొండి పశువు. దాన్ని లాగే హడావిడిలో దాని తలకాయ ఎడమ స్పీకరు సన్న తీగకు తగులుకున్నట్టుంది, నేను చూసుకోలేదు. స్విచ్చి వేసి పాట పెట్టాను. నేను నిలబడింది ఎడమ స్పీకరు వెనకే. నా పక్కన ఆ పెద్ద పెట్టె నోరు మూసుకుని ఉంది, పాటంతా కుడి పెట్టెలో నుంచే వస్తోంది. వంగి చూస్తే తీగ ఊడి కింద వేలాడుతోంది.

అయ్యో, పరీక్ష పాడైంది, ఇప్పుడు అరుస్తాడు అనుకున్నాను. కుర్చీ అంగుళం జరిగితే పాట చెడిపోయిందనే మనిషి. సగం పాట మాయమైతే ఊరుకుంటాడా?

"ఇది... మంచిగున్నది" అన్నాడు మా ఆయన, కళ్లు మూసుకుని. "ఎప్పటిలెక్కనే ఉన్నది. ఎడమది పల్చగ. గంతే. మామూలు వైరు."

తెర అంచు పక్కకు జరిపి చూశాను. నర్సంపేట అన్న సోఫాలో నిటారుగా అయిపోయి, ఎడమ స్పీకరు వైపు, మా ఆయన వైపు మార్చి మార్చి చూస్తున్నాడు. నోరు తెరవబోయాడు. నేను పెదాల మీద వేలు పెట్టాను.

 పరీక్ష పెట్టే మనిషిని కదా, ఇంకొక ప్రశ్న వేయకుండా ఉండలేకపోయాను. ఎడమ తీగ తిరిగి బిగించి, ఈసారి కుడిది ఊడదీశాను. అదే వైరు, అదే పాట. ఇప్పుడు ఎడమ పెట్టె ఒక్కటే పాడుతోంది, నా చెవులు దద్దరిల్లేలా.

మా ఆయన ముఖం ముడుచుకుంది. "ఇదేందే? పక్కింట్ల పెట్టినట్టు ఇనొస్తాంది. ఏ వైరు పెట్టినవ్?"

నేను పాట ఆపాను. కాగితం మీద మార్కు వేయలేదు. తెర వెనక నుంచి వచ్చి ఆయన ఎడమపక్కన, మూరెడు దూరంలో నిలబడి, గొంతు లేపకుండా, మెత్తగా అడిగాను. "చాయ్ తాగుతవా?"

చాయ్ మాటకు మా ఆయన నిద్రలో కూడా లేచి కూర్చుంటాడు. ఇప్పుడు కళ్లు మూసుకుని, ఏ వైరో చెబుతానని ఎదురుచూస్తూ అలాగే కూర్చున్నాడు. అన్న లేచి కిటికీ దగ్గరికి వెళ్లి బయటికి చూస్తూ నిలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది.

మీరు అడగవచ్చు, ఒకే ఇంట్లో ఉంటూ ఇన్నాళ్లు ఎలా తెలియలేదని. మగ్గాల ఇళ్ల సంగతి తెలిస్తే అడగరు. ఆ ధనధనల్లో మాట వినబడదు కాబట్టి షెడ్డులో అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. పోగు తెగిందంటే రెండు వేళ్లు విరిచి చూపిస్తారు, చాయ్ వచ్చిందంటే బొటనవేలు పెదాలకు తాకిస్తారు. అదే అలవాటు ఇంటికీ వస్తుంది. మా అత్తగారింట్లో "ఉప్పు అందుకో" అనడానికి కూడా చేయి ఆడాలి, గొంతు లేవాలి. నేను బడిలో అరిచి, ఇంట్లో అరిచి బతికాను. ఎదురుగా నిలబడి, చేతులాడిస్తూ, అరిచే మనుషుల మధ్య ఒక చెవి పోతే ఎవరికి తెలుస్తుంది? ఆయనకే తెలియలేదు. మెత్తగా, పక్కనుంచి, చెవిలో చెప్పే మాటలే పోయాయి. అలాంటి మాటలు మా ఇంట్లో ఏడాదికి ఎన్ని ఉంటాయి గనుక?

సంగతి చెబితే ముందు ఆయనకు కోపమొచ్చింది. "నాకు చెవుడా? నీకే చెవుడు" అన్నాడు. తరువాత కుడి చెవిలో వేలు పెట్టుకుని, "ఏదన్న మాట్లాడు" అన్నాడు నాతో. మాట్లాడాను. నా పెదాల వైపు చూశాడు. "అటు తిరిగి మాట్లాడు" అన్నాడు. తిరిగి మాట్లాడాను. వేలు తీసి, "కరెంటు మంచిగనే ఉన్నదన్నడు ఆ పిలగాడు" అన్నాడు.

సోమవారం హన్మకొండలో చెవుల దవాఖానకు వెళ్లాం. చెవిలో గుమిలి అడ్డుపడి ఉంటే బాగుండునని దారంతా మొక్కుకున్నాను. గుమిలి ఉంది, తీశారు, అయినా చెవి రాలేదు. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు డిప్పలు పెట్టి, కూత వినబడితే బటను నొక్కమన్నారు. కుడివైపు టకటకా నొక్కాడు. ఎడమవైపు బటను మీద వేలు పెట్టుకుని, ఎంతసేపు కూర్చున్నాడో. బయట అద్దంలోంచి చూస్తున్న నాకు ఆ వేలు తప్ప ఇంకేమీ కనబడలేదు. షెడ్డులో ఏ పక్కన నిలబడేవారని డాక్టరమ్మ అడిగితే, రెండు మగ్గాల నడుమ, మోటారు వైపు ఎడమ భుజం పెట్టి అని చూపించాడు. "కుడి చెవి మంచిగుంది, అది కాపాడుకోండి. ఎడమది ఏళ్లుగా కొంచెం కొంచెం పోతూ వచ్చింది, మిషను పెట్టి చూద్దాం, కొంత వినొచ్చు" అందామె.

మిషను కాగితం కోసం బల్ల మీద కూర్చున్నాం. కూర్చున్నాక చూసుకున్నాను, నేను ఆయనకు ఎడమపక్కనే ఉన్నాను. పెళ్లయిన నాడు పెద్దవాళ్లు ఎడమపక్కన కూర్చోబెట్టారు, అప్పటినుంచి పీటల మీద, బస్సులో, పెళ్లిళ్లలో, ఎక్కడైనా నా చోటు అదే. స్కూటరు మీద నా ముఖం ఉండేదీ ఆ వైపే. లేచి వెళ్లి కుడిపక్కన కూర్చున్నాను.

"నేను ఈ రెండేండ్ల సంది నీ పక్కన కూసోని తిట్టిన తిట్లన్ని ఏమైనయి?" అన్నాను, కొంచెం గట్టిగానే.

ఆయన నా వైపు తిరిగాడు. "తిడ్తున్నవా? నువ్వు రిటైరైనంక మెత్తవడ్డవ్ అనుకున్న. మా బావతోటి గూడ చెప్పిన."

నవ్వు, ఏడుపు ఒక్కసారే వచ్చి పొలమారింది. ఎదురు బల్ల మీది ముసలమ్మ తన నీళ్ల సీసా ఇచ్చింది. సిగ్నల్ దగ్గర అడిగిన మాట గుర్తుందా అని అడగాలనుకున్నాను. వినని మాట ఎలా గుర్తుంటుంది? రెండేళ్లు ఆ ఒక్క మాట పట్టుకుని వంటింట్లో కుక్కర్ కూతలు లెక్కపెట్టిన నా మీద నాకే సిగ్గేసింది. ఆయన తల తిప్పలేదనుకున్నాను. ఒక్కసారి ఎదురుగా వచ్చి నిలబడి అడిగి ఉంటే సరిపోయేది కదా. అరవడం తెలిసిన దాన్ని, ఆ మాట మాత్రం మళ్లీ అడగలేకపోయాను.

లావు వైరు తిరిగి నర్సంపేట వెళ్లిపోయింది. అన్న దాన్ని తువ్వాలలో చుట్టుకుంటూ కూడా ఓడిపోలేదు. "ఏదేమన్నగాని చెల్లె, ఈ వైరు తేబట్టే కదా బావ చెవి సంగతి బయటవడ్డది. నువ్వు ఒప్పుకోకున్నా పాట బాగైతది దీనితోటే" అన్నాడు. నేను పరీక్ష కాగితం మడిచి ఆయన జేబులో పెట్టాను. పదికి రెండు. ఈ మధ్య ఆయన తన ఇంట్లో అదే వైరు పెట్టుకుని, తబలా బొక్కలిరిగినట్టు వినబడుతోందని ఫోను చేస్తున్నాడు.

మా ఆయన సెట్టు అమ్మలేదు. రెండు వైపుల పాటనూ కలిపి వినిపించే బటను ఒకటి ఆ ఆంప్లిఫయరు మీదే ఉంది, ఇన్నాళ్లు దాన్ని ముట్టుకోవడం పాపం అనుకున్నాడు. అది నొక్కాడు. పాట కలిసిపోయి వస్తుంది, కుడి చెవికి మొత్తం అందుతుంది. మిషను ఇంకా రావాలి. చపాతీ పీటకు కాళ్లు వచ్చాయి, ఒకటి వంకరగా ఉంది.

బటను నొక్కిన ఆ సాయంత్రం ఆయన పాట పెట్టుకున్నాడు. నేను కుక్కర్ పెట్టలేదు. వంటింట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకుంటూ వెళ్లి, సుద్దగీతల పక్కన, ఆయనకు కుడివైపున వేశాను. ఆయన కళ్లు తెరిచి కుర్చీని చూశాడు, నన్ను చూశాడు. రెండేళ్ల కింద స్కూటరు మీద అడిగిన మాట అడిగేశాను. ఎంత గట్టిగా అడిగానంటే వెనక గల్లీ మగ్గాల దాకా వెళ్లి ఉంటుంది.

మా ఆయన కుడి చెవి చేత్తో మూసుకుని నవ్వాడు. "గట్ల ఒర్రకే. జర మెల్లగ చెప్పు, ఇనొస్తాంది" అన్నాడు.

నేను వంగి, మళ్లీ మెల్లగా చెప్పాను.